గాజుపెట్టెలో వాన

మా ఇంట్లో ఎనిమిది కప్పలున్నాయని చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వు అయ్యాక "ఎందుకండీ?" అంటారు. కుక్కని పెంచేవాణ్ణి ఎందుకని ఎవరూ అడగరు. చిలకని పంజరంలో పెట్టి జాంపండు తినిపించేవాణ్ణీ అడగరు. కప్ప దగ్గరికొచ్చేసరికి మాత్రం కారణం చూపించాలి. ఫోన్లో మా అమ్మయితే, "మన పెరట్లో లేని కప్పలా? సముద్రం దాటి వెళ్ళి డబ్బిచ్చి పెంచాలా?" అంది. డబ్బిచ్చి కొనలేదమ్మా, అవే వచ్చాయి అన్నాను. "వచ్చినవాటిని వచ్చినట్టే పోనివ్వాలి గదరా" అంది. ఆవిడ చదివింది ఐదో తరగతి. నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను. ఆ మాటకి జవాబు వెతుక్కోడానికి నాకు పది నెలలు పట్టింది.

మేముండేది బంటింగ్‌లో. కౌలాలంపూర్‌కి నైరుతిన, కువాలా లంగాట్ జిల్లాలో చిన్న ఊరు. పక్కన లంగాట్ నది, చుట్టూ పామాయిల్ తోటలు, నెత్తిమీద సెపాంగ్ విమానాశ్రయానికి దిగే విమానాలు. ఉద్యోగం సైబర్‌జయలో, అద్దె ఇక్కడ తక్కువ. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఒక అరటి గుబురు ఉండేది. రాత్రయితే అందులోంచి బాతుపిల్ల అరిచినట్టు, ఆగి ఆగి ఒక్కొక్కటే 'క్వాక్' మని వినిపించేది. ఒకరోజు పొద్దున్న ఎక్స్‌కవేటర్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా అక్కడ చదునైన మట్టి తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి మా వంటింటి గోడమీద ఐదు కప్పలు, బాత్‌రూం కిటికీలో రెండు, చెప్పుల స్టాండులో ఒకటి.

ఇవి చెట్టుకప్పలు. శాస్త్రజ్ఞుల పేరు పోలిపెడేట్స్ ల్యూకోమిస్టాక్స్. ఆగ్నేయాసియాలో తోటల్లో, డ్రైనుల పక్కన, ఇళ్ళ గోడల మీద కనిపించే అతి మామూలు కప్ప. తేనెరంగు ఒళ్ళు, కొన్నిటికి వీపుమీద నాలుగు గీతలు, వేళ్ళ చివర చిన్న బిళ్ళలు. ఆ బిళ్ళలతోనే అద్దమైనా ఎక్కేస్తాయి. మగది రెండంగుళాలుంటుంది, ఆడది మూడు.

పన్నెండేళ్ళ మా అమ్మాయి అప్పటికి ఏడాదిగా దక్షిణ అమెరికా నీలంరంగు డార్ట్ కప్పలు కావాలని ప్రాణం తీస్తోంది. అవి చల్లదనం కోరే జీవాలు. మా హాల్లో మధ్యాహ్నం 32 డిగ్రీలుంటుంది. కప్పలకి ఏసీ పెడితే తను పుట్టింటికి వెళ్ళిపోతానని మా ఆవిడ చెప్పడంతో ఆ ఫైలు మూసేశాం. మూసేముందు చదివిన వాటిల్లో ఒక సంగతి మాత్రం మనసులో ఉండిపోయింది. డార్ట్ కప్పలకి విషం ప్రసిద్ధి. కొలంబియాలో ఎంబెరా జాతివాళ్ళు ఆ విషాన్నే బాణాల మొనలకి పూసేవారు. కానీ ఆ విషం కప్ప సొంతంగా తయారుచేసుకునేది కాదు, అడవిలో తినే చీమలూ నల్లుల్లాంటి పురుగుల నుంచి కూడబెట్టుకునేది. గాజుపెట్టెలో పుట్టి, దుకాణపు మేత తిని పెరిగిన డార్ట్ కప్పకి విషమే ఉండదు. రంగులు అవే, పేరు అదే. అమెరికాలో పుట్టిన మా మేనల్లుళ్ళు గుర్తొచ్చారు, ఆ పోలిక ఇక్కడ అనవసరం అనుకోండి.

సరే, ఎనిమిది కప్పల్నీ ప్లాస్టిక్ డబ్బాలో వేశాం. ఒక్క రాత్రికే అనుకున్నాం. రెండోరోజు గాజుపెట్టె కొన్నాను.

ఇల్లు కట్టడంలో నాకు దొరికిన ఆనందం దాచుకోను. చెట్టుకప్పకి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, అందుకని మూడడుగుల ఎత్తు పెట్టె. అడుగున గులకరాళ్ళు, వాటిమీద కొబ్బరిపొట్టు, అందులో మనీప్లాంటూ ఒక ఫెర్న్ మొక్కా, ఎక్కడానికి అడ్డంగా వెదురు ముక్కలు, పైన గాలాడే జాలీ. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. అంచేత నీళ్ళలో ఏముంటే అది దాని ఒంట్లోకి పోతుంది. కుళాయినీళ్ళని క్లోరిన్ పోయేదాకా రెండురోజులు నిలవుంచి పోయాలి. సబ్బు చేతులతో ముట్టుకోకూడదు. వేడీ తేమా కొలిచే సెన్సర్లు రెండు పెట్టి, గ్రాఫు ఫోన్లో వచ్చేట్టు చేశాను. మా క్లయింటు సర్వర్లకి కూడా అంత పహరా లేదు.

మేత సంగతి అంత ఆనందంగా లేదు. కదలని తిండిని చెట్టుకప్ప తిండిగా గుర్తించదు. బతికున్న కీచురాళ్ళు కావాలి. అరోవానా చేపలకీ పాటపిట్టలకీ ఇక్కడి దుకాణాల్లో అమ్ముతారు. వాటికి కాల్షియం పొడి అద్ది వదలాలి. కప్పకి నాలుగు చొప్పున వారానికి మూడు రాత్రులు. ఎనిమిది కప్పలు. వారానికి 96, ఏడాదికి దగ్గర దగ్గర 5000. మాది గుడ్డు కూడా వండని ఇల్లు. ఎనిమిది ప్రాణాలు కాపాడానని చెప్పుకుంటూ ఏడాదికి ఐదువేల ప్రాణాలు కొంటున్నాను. తోటలో అయినా అవి పురుగుల్నే తినేవి, నిజమే. కానీ ఆ పురుగుల్ని ఎవరూ డబ్బాల్లో పెంచి, లెక్కపెట్టి, బిల్లు వేసి అమ్మేవాళ్ళు కారు. ఈ లెక్క చేసిన రాత్రి కాస్త ఇబ్బంది పడ్డాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి కొన్నాను.

ఇక్కడిదాకా నాది పెంపకం. దానికి సమర్థన ఉంది. తోట పోయింది, గూడు ఇచ్చాను. తప్పు మొదలైంది ఆ తరవాత.

మా చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో వానలు మొహం చాటేస్తే కప్పతల్లిని ఊరేగించేవారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో గుడ్డతో ఒక కప్పని కట్టి, ఇద్దరు చెరోపక్కా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు పోసేవారు. వానకీ కప్పకీ ముడి మనవాళ్ళకి కొత్తది కాదు. ఋగ్వేదం ఏడో మండలంలో వసిష్ఠుడి పేరున కప్పల మీద ఒక సూక్తమే ఉంది, తొలకరికి అరిచే కప్పల్ని వేదం వల్లించే బ్రాహ్మణులతో పోలుస్తూ. మావాళ్ళు కప్పని పట్టి వానని రప్పించాలని చూసేవారు. నేను వానని పట్టి కప్పల్ని రప్పించాను.

పద్ధతి కష్టమేం కాదు. రెండువారాలు పెట్టెని కాస్త ఎండబెట్టాలి. తరవాత మేత పెంచి, చిన్న పంపుతో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా పైనుంచి తుంపర కురిపించాలి. మూడోరాత్రి మగవి గొంతెత్తాయి. తెల్లారేసరికి నీళ్ళతొట్టి పైన అద్దానికి అరచేతంత తెల్లటి నురగముద్ద అతుక్కుని ఉంది. ఈ జాతి ఆడకప్ప తన ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్ళతో, అచ్చం పెరుగు చిలికినట్టు చిలికి నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి అట్ట కడుతుంది, లోపల తడి నిలుస్తుంది. మూడు నాలుగు రోజులకి అడుగున నురగ కరిగి, తోకకప్పలు ఒక్కొక్కటే కింద నీళ్ళలోకి జారతాయి. ముక్కు కొసన తెల్లటి చుక్కతో. ఆ రాత్రి ముగ్గురం దీపం ఆర్పేసి, టార్చి పట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ కూడా.

నాకు గర్వమేసింది. పెంపుడు జీవం పిల్లల్ని పెట్టిందంటే ఇల్లు నచ్చినట్టే అని కప్పలు పెంచేవాళ్ళంతా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఏ తర్కమూ లేదు. ఇదే కప్ప మురుగుకాలవ మీద నురగ కడుతుంది, మేస్త్రీలు వదిలేసిన సిమెంటు తొట్టి మీద కడుతుంది. దానికి కావలసింది వాన. సంతోషం కాదు. నేను దొంగవాన కురిపించాను, అది నమ్మింది.

మా అమ్మాయి ఫోటో తీసి, స్క్రీన్ మీద చుక్కలు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. 211.

ఒక తొట్టి మూడయింది, వెనక వరండాలోకి మారింది. ఉడికించిన పాలకూర, చేపల మేత. రోజూ నీళ్ళు మార్చడం. నిలవనీళ్ళు ఈ దేశంలో సొంత వ్యవహారం కాదు. ఇంటి ఆవరణలో దోమపిల్లలు దొరికితే 1975 నాటి చట్టం కింద అక్కడికక్కడే 500 రింగిట్ల దాకా జరిమానా వేస్తారు, డెంగీ అంతటి బెడద. ఆరోగ్యశాఖ వాళ్ళు ఒకరోజు టార్చిలైట్లతో వీధంతా తనిఖీకి వచ్చి మా తొట్లలోకీ చూశారు. "ఇవి దోమపిల్లల్ని తింటాయండీ" అన్నాను. వాళ్ళు నవ్వి, వల కప్పమని చెప్పి వెళ్ళిపోయారు. నేను చెప్పింది చాలావరకు అబద్ధం. ఈ తోకకప్పలు ఎక్కువగా నాచూ కుళ్ళిన ఆకూ గీక్కుతింటాయి. పక్కింట్లో మూడేళ్ళ బాబున్నాడు. నా సరదాకి వాడి ఒంటిని పూచీ పెట్టానని ఆ అబద్ధం నోరు దాటాకే తట్టింది. ఆ సాయంత్రమే వల కొనుక్కొచ్చాను.

ఏడు వారాలకి కాళ్ళొచ్చాయి, తోకలు ఇంకిపోయాయి. తోక ఇంకేటప్పుడు అవి తిండి ముట్టవు, ఒడ్డుకి ఎక్కే ఏటవాలు లేకపోతే మునిగి చస్తాయి. నేను పెట్టిన ఏటవాలు చాలలేదు. ఎక్కినవాటికి, వేలిగోరంత పిల్లకప్పలకి, చీమతల కంటే పెద్దది కాని బతికున్న పురుగులు కావాలి. అరటితొక్కలు కుళ్ళబెట్టి పండుఈగల్ని పెంచాం. రోజుకి వందలు కావాలంటే పదులు పుట్టేవి. పెద్దకప్పల పెట్టెలో వేస్తే పెద్దకప్పలే తినేస్తాయి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు చచ్చినవాటిని టిష్యూ కాగితంలో ఏరడం నా పని అయింది. ఒక వారం రోజుకి పదేసి. మొత్తానికి మిగిలినవి 26.

అడవిలో అయితే ఇంకా తక్కువ మిగిలేవి. తూనీగ పిల్లలు, చేపలు, పాములు, కొంగలు పంచుకోగా ఒక నురగముద్ద నుంచి ఒకటో రెండో పెద్దవైతే గొప్ప. ఆ లెక్కన చూస్తే నేను ప్రకృతి కంటే పదింతలు మేలు చేశాను. ఈ మాట మా అమ్మాయితో అన్నాను కూడా. అది కాసేపు ఊరుకుని, "నాన్నా, మనం వాన కురిపించకపోతే ఇవి పుట్టేవే కాదు కదా?" అంది.

చదువుకున్నవాళ్ళం కాబట్టి దీనికీ ఒక జవాబు దొరుకుతుంది. డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1984లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చిక్కుముడినే విప్పడానికి చూశాడు. ఒక జీవి పుట్టుకకి కారణమైన పనే దానికి తక్కువరకం బతుకు ఇచ్చిందనుకోండి. ఆ పని చెయ్యకపోతే ఆ జీవే లేదు. మరి నష్టపోయింది ఎవరు? మిగిలిన 26 కప్పలూ నా మీద కేసు పెట్టలేవు, నా వాన లేకపోతే అవి లేవు. పోయిన 185 కూడా అంతే. తర్కం గట్టిగానే ఉంది. అయినా టిష్యూ కాగితం చేతిలో ఉన్నప్పుడు ఆ తర్కం నాకు ఊరట ఇవ్వలేదు. పార్ఫిట్‌కీ ఇవ్వలేదు, నష్టపోయినవాడు కనబడనంత మాత్రాన తప్పు లేనట్టు కాదని ఆయన నమ్మకం. తోటలో చచ్చిన తోకకప్ప తూనీగ కడుపు నింపుతుంది. నా తొట్లో చచ్చింది చెత్తబుట్టలోకి పోయింది. తోటలో దాని చావుకి కర్త లేడు. ఇక్కడ ఉన్నాడు, ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని ఆఫీసుకి బయల్దేరుతూ.

కప్పల్ని మనిషి చేతిలో పుట్టించడమే తప్పంటారా అంటే, అననండి. టాంజానియాలో కిహాన్సీ అని ఒక జలపాతం ఉంది. దాని తుంపరలో మాత్రమే బతికే చిన్న గోదురుకప్ప జాతిని 1996లో కనుగొన్నారు. కరెంటు కోసం నదికి ఆనకట్ట కట్టి నీళ్ళు మళ్ళిస్తే తుంపర ఆగిపోయింది. 2000లో 499 కప్పల్ని అమెరికా పట్టుకెళ్ళి, న్యూయార్క్ బ్రాంక్స్ జూలోనూ, టొలీడో జూలోనూ పెంచారు. 2009లో అడవిలో ఆ జాతి లేదని ప్రకటించారు. 2012లో, జూలలో పుట్టినవాటిని తీసుకెళ్ళి మళ్ళీ ఆ లోయలోనే వదిలారు. వాళ్ళూ గాజుపెట్టెలో దొంగతుంపరే కురిపించారు. కానీ పుట్టిన ప్రతి పిల్లకీ వెళ్ళాల్సిన చోటు ఒకటి వాళ్ళ మనసులో ఉంది.

నా 26కీ చోటు లేదు. అరటి గుబురు పోయింది, నిజమే, కానీ నది ఒడ్డున బోలెడు చెట్లున్నాయి, పైగా ఇవి ఈ నేల కప్పలే. వదిలెయ్యొచ్చుగా? వదలలేని పని కూడా నేనే చేశాను. మొదటి నెలలో మా అమ్మాయి పుట్టినరోజుకి దుకాణంలో రెండు బొద్దుకప్పలు కొని అదే పెట్టెలో పెట్టాను. వారంలోపే రెండూ చర్మం ఊడిపోతూ చచ్చాయి. కప్పల చర్మాన్ని తినే కిట్రిడ్ అనే బూజు ఉంది. చర్మం దెబ్బతింటే ఒంట్లో లవణాలు తప్పి గుండె ఆగుతుంది. 1998లో దాన్ని గుర్తించారు. 2019లో వచ్చిన అంచనా ప్రకారం దానివల్ల 501 ఉభయచర జాతులు క్షీణించాయి, అందులో 90 జాతులు అంతరించిపోయినట్టే. ఖండాలు దాటడానికి దానికి తోడ్పడింది కప్పల వ్యాపారం. మా బొద్దుకప్పలు దానితోనే పోయాయని నేననను. పోలేదని కూడా అనలేను. అనలేనప్పుడు లంగాట్ ఒడ్డున వదిలి, "స్వేచ్ఛనిచ్చాను" అని ఫోటో పెట్టుకోలేను. 26లో తొమ్మిదింటిని ఆఫీసులో ఇద్దరు తీసుకున్నారు, ఎక్కడా వదలమని మాట తీసుకుని ఇచ్చాను. తక్కినవి నిలవలేదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్భై దాటినవారు. బాబాయిగారూ అంటాను. ఆయన తాతగారు చీపురుపల్లి వైపునుంచి రబ్బరు తోటల్లోకి కూలీగా వచ్చినవాడు. ఒక దీపావళికి ఇంటికొచ్చి, గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను ఉత్సాహంగా తేమా, మేతా, నీళ్ళూ అన్నీ వివరించాను. అంతా విని అన్నారు: "మా తాతని తెచ్చినప్పుడూ ఇలాగే బాబూ. లైన్లలో గది ఇచ్చినారు. బియ్యం ఇచ్చినారు. కొళాయి ఏసినారు. ఒంట్లో బాగోకపోతే తోటలోనే ఆస్పత్రి. పిల్లలు పుడితే దొర సంతోషపడీవోడంట. తోటకి సేతులు పెరుగుతాయి గదా."

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. మలయ్ వాళ్ళ సామెత ఒకటుంది, 'కతాక్ ది బావహ్ తెంపురుంగ్' అని. కొబ్బరిచిప్ప కింద కప్ప. మన బావిలో కప్పలాంటిదే. "మీ కప్పలకి ఆ బాధ లేదులెండి, అద్దంలోంచి లోకమంతా కనబడతది" అని కూడా అన్నారు వెళ్తూ వెళ్తూ.

కప్పలు కూలీలు కావు, ఆ పోలిక చివరిదాకా నిలబడదని నాకు తెలుసు. కప్పకి తాత గుర్తుండడు. అయినా ఆయన వెళ్ళాక ఒక సంగతి నాకు తేలికగా విడివడింది. నేను ఇన్నాళ్ళూ గూడు గురించి అడిగే ప్రశ్నకి చెప్పాల్సిన జవాబునే పుట్టుక గురించి అడిగే ప్రశ్నకి కూడా చెబుతున్నాను. తేమ 80 శాతం, వేడి 27 డిగ్రీలు, మేత వేళకి. ఇవి ఉన్న ఎనిమిదింటికి నేను బాకీ ఉన్నవి, తీరుస్తున్నాను. ఇంకా లేని తొమ్మిదోదాన్ని పిలవడానికి ఇవేవీ అనుమతిపత్రం కావు. దాన్ని ఎవరికోసం పిలుస్తున్నానని అడిగితే, ఆ టార్చిలైటు రాత్రి కోసం అని చెప్పాలి. మా ముగ్గురి కోసం. అది చిన్న కారణమని తీసెయ్యను, మా అమ్మాయి ఆ రాత్రిని ఎప్పటికీ మర్చిపోదు. 185 టిష్యూ కాగితాలకి సరిపడేంత పెద్దదని మాత్రం అనలేను.

నవంబరులో అసలు వానలు పట్టాయి. పంపు ఆపేసి ఆర్నెల్లయింది. బయట గాలిలో తేమ, జాలీలోంచి వాన చప్పుడు, ఇక దొంగవాన అక్కర్లేకపోయింది. ఒకరోజు పొద్దున్న అద్దంమీద మళ్ళీ నురగముద్ద. పొరలోంచి చూస్తే లేతపసుపు గుడ్లు, ఇంకా ఏ ఆకారమూ లేనివి. నాలుగో రోజు దాకా ఆగితే కళ్ళొస్తాయి. మా అమ్మాయి లేవకముందే గరిటెతో గీసి తీసి, మరిగే నీళ్ళలో వేశాను. తరవాత దానికి చెప్పాను, దాచలేదు. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, ఆడవాటినీ మగవాటినీ వేరుచెయ్యొచ్చు కదా, అలా తియ్యక్కర్లేకుండా, అంది. రెండో పెట్టె కొన్నాం.

ఇప్పుడు హాల్లో మూడు ఆడకప్పలు, వెనకగదిలో ఐదు మగవి. బాగా తింటున్నాయి. వాన పడ్డ రాత్రి వెనకగదిలోంచి ఆగి ఆగి వినిపిస్తుంది, క్వాక్ అని. మా ఆవిడ తలుపు దగ్గరగా వేసి వస్తుంది.